నడినెత్తి చెమట

మగవాళ్ళకు ఆవిర్లు రావని మా అత్తగారు పోయేదాకా నమ్మింది. ఆవిడ కొడుకూ నమ్మాడు. తనదాకా వస్తే గానీ తెలియదంటారు. ఆ సామెత మా ఇంట్లోనే పుట్టి ఉంటుంది.

పదేళ్ళ కిందట నాకు ముట్లుడిగే రోజుల్లో ఉన్నట్టుండి ఒంట్లో పొయ్యి రాజుకున్నట్టయ్యేది. లేచి ఫ్యాను పెంచేదాన్ని. పక్కన ముసుగులోంచి మా ఆయన పానకాలరావు గారి గొంతు వచ్చేది. "తగ్గించవే ఇందూ, చలేస్తంది. అదంతా నీ మనసులో ఉంది, ఒంట్లో కాదు." నేను నరాల మీద పనిచేసే పరికరాలు తయారుచేసే ఇంజనీరుని. మొగుడి మీద కోపంతో మొదలైన పరిశోధనలు లోకంలో ఎన్ని ఉన్నాయో తెలియదు గానీ నాది మాత్రం అలా మొదలైందే.

మంగళగిరి రోడ్డులో ఉన్న మా ప్రయోగశాలలో ఆవిర్లను ఆపే పరికరం ఒక కొలిక్కి వచ్చేసరికి నా ఆవిర్లు ఎప్పుడో చల్లారిపోయాయి. సరిగ్గా అప్పుడే పానకాలరావు గారికి ప్రొస్టేట్ గ్రంథిలో కేన్సర్ అని తేలింది. మగ హార్మోన్ తిని బతికే జబ్బు అది. మూడు నెలలకో ఇంజెక్షన్ ఇచ్చి ఆ తిండి ఆపేస్తే జబ్బు ముడుచుకుంటుంది. కానీ తిండి ఆగిన సంగతి జబ్బుకు ఒక్కదానికే తెలిసి ఊరుకోదు, ఒళ్ళంతటికీ తెలుస్తుంది. ఆయన చేతుల్లో సత్తువ తగ్గింది, నడుం చుట్టూ కొవ్వు పెరిగింది, ఛాతీ మెత్తబడింది. టీవీలో సబ్బు ప్రకటనకు కూడా కళ్ళు తుడుచుకునేవాడు. మంచం మీద మా ఇద్దరి మధ్య ఏం తగ్గిందో ఊరికి చెప్పక్కర్లేదు. తగ్గింది, ఇద్దరం బాధపడ్డాం, ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని పడుకోవడం నేర్చుకున్నాం.

వీటన్నిటినీ ఆయన ఓర్చుకున్నాడు. సత్తువ కోసం బరువులెత్తమని డాక్టరు చెబితే వ్యాయామశాలకు పోకుండా దుకాణంలో పచ్చడి జాడీలు ఎత్తడం మొదలుపెట్టాడు. గుంటూరు బ్రాడీపేటలో ఆయనది తండ్రి నాటి పచ్చళ్ళ దుకాణం. ఓర్చుకోలేకపోయింది ఆవిర్లను మాత్రమే.

ధనుర్మాసం చలిలో ఒక పొద్దున నేను దుకాణానికి వెళ్ళేసరికి ఆయన గోంగూర తూకం వేస్తున్నాడు. చూస్తుండగానే మెడ దగ్గర మొదలై మొహమంతా ఎర్రబడింది. చొక్కా ఒంటికి అంటుకుపోయింది. చెమట బొట్టు తక్కెడలో పడింది.

"జొరమా బాబాయ్?" అంది పచ్చడి కొనడానికొచ్చిన అమ్మాయి. తక్కెడ వైపు చూసి, "పోనీలే, మళ్ళీ వస్తా" అని వెళ్ళిపోయింది.

ఆయన తక్కెడ కింద పెట్టి లోపలి గదిలోకి వెళ్ళాడు. నేను వెనకే వెళ్ళాను.

"మార్చిలో ఇంజెక్షన్ వేయించుకోను ఇందూ" అన్నాడు. "నిద్ర లేదు. నలుగురిలో నిలబడలేను. రోజుకు పదిసార్లు తగలబడతా ఉంటే ఇంక బతికేది ఏందీ?"

మానేస్తే ఏమవుతుందో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ జబ్బుకు మళ్ళీ అన్నం పెట్టినట్టే.

"అదంతా మీ మనసులో ఉందేమో" అన్నాను.

ఆయన నా వైపు చూసి నవ్వాడు. మర్నాడు నాతో ప్రయోగశాలకు వచ్చాడు.

సొంత మొగుణ్ణి నేను పరీక్షించకూడదు కాబట్టి ఆయన బాధ్యత మా డాక్టర్ ప్రభుదాసు తీసుకున్నాడు. అప్పటికే ఇదే వైద్యంలో ఉన్న అరవై మంది మగవాళ్ళు ఆ పరికరం పెట్టుకుని ఉన్నారు. మా ఇంజనీరు షమీమ్ ఆయన మెడ వెనక చొక్కా గుండీ అంత బిళ్ళ అంటించింది. దానికి చలివేంద్రం అని పేరు పెట్టింది కూడా ఆ పిల్లే.

"అంకుల్, మీ తలలో వేడికి ఒక కాపలావాడు ఉంటాడు" అంది తెర వైపు చూపిస్తూ. "హార్మోన్ తగ్గేసరికి వాడికి ఉలికిపాటు పట్టుకుంది. పిల్లి తుమ్మినా ఇల్లు తగలబడిందని కేకలు పెట్టి కుళాయిలన్నీ తిప్పేస్తున్నాడు. అదే మీకు ఆవిరి. వాడు అరవబోయే ముందు ఈ గీత పైకి లేస్తుంది. అప్పుడు బిళ్ళ నరం మీద చిన్న కబురు పంపుతుంది. అంతా చల్లగానే ఉంది, కూర్చో, అని."

రెండు దుప్పట్లు కప్పి, పొగలు కక్కే టీ ఇచ్చారు. గీత లేచింది. షమీమ్ మీట నొక్కింది. గీత మెల్లిగా కిందికి దిగింది. పానకాలరావు గారు రావలసిన బస్సు రానివాడిలా అటూ ఇటూ చూశాడు.

"రాలేదేంది?" అన్నాడు.

"రాదు" అన్నాను. ఆ పూట నా అంత గర్విష్ఠి గుంటూరు జిల్లాలో లేదు.

ఆ తర్వాత ఇల్లు ఇల్లులా అయింది. ఆయన తెల్లారేదాకా నిద్రపోయేవాడు. గురక వింటుంటే నాకు హాయిగా ఉండేది. ఆ మాట ఆయనకు చెప్పలేదు, అలుసవుతాను. మార్చిలో ఇంజెక్షన్‌కు తనంత తనే వెళ్ళొచ్చాడు. ప్రభుదాసు దగ్గరికి వచ్చే మిగతావాళ్ళదీ అదే మాట, నిద్ర పడుతోంది, పనికి పోతున్నాం, ఇంజెక్షన్ మానం. ఎండాకాలం దాటగానే అనుమతి కోసం నివేదిక పంపాలని అతను కాగితాలు సిద్ధం చేస్తున్నాడు.

అంతలో మామిడికాయలు వచ్చాయి.

ఆవకాయ పెట్టిన మూడో నాడు తిరగ కలపడం అందరి ఇళ్ళలోనూ ఉన్నదే. కలిపిన బేసిన్లో వేడి వేడి అన్నం వేసి, అంచులకు అంటిన కారమంతా తుడిచి ముద్దలు చేసుకుని తింటారు. మా ఇంట్లో మాత్రం ఆ ముద్ద తినడం ఒక పరీక్ష. మా మామగారు పెట్టిన పద్ధతి అది. మొదటి ముద్ద దుకాణం యజమాని తినాలి. నడినెత్తిన చెమట పట్టిందంటే కారం సరిపోయినట్టు. ముక్కు మీదకు దిగిందంటే ఎక్కువైనట్టు. నెత్తి పొడిగా ఉంటే ఇంకా కలపాలి. నాలుక మొహమాటపడుతుంది, చెమట పడదు, అనేవాడు ఆయన. మా ఆయన నలభై ఏళ్ళుగా నెత్తి తడుముకునే పచ్చడి అమ్ముతున్నాడు.

ఈ ఏడు మొదటి ముద్ద తిని నెత్తి తడుముకున్నాడు. పొడిగా ఉంది. కారం కలిపాడు. మళ్ళీ తిన్నాడు. మళ్ళీ పొడిగానే ఉంది. "ఈ ఏడు మిరపకాయలో పస లేదు" అని మర పట్టినవాణ్ణి తిట్టి మరో రెండు దోసిళ్ళు పోశాడు. ఆ రోజు నేను ప్రయోగశాలలో ఉన్నాను.

వారం తిరగకుండానే ఫోన్లు మొదలయ్యాయి. ఏలూరు నుంచి ఒకాయన, "మీ ఆవకాయ తిని మా బావమరిది ఇంకా మంచం దిగలేదండీ" అన్నాడు. కొత్తల్లుడికి వడ్డించిన ఒకావిడ అయితే ఏమీ అనలేదు, ఏడ్చింది. ఆదివారం మధ్యాహ్నం నేనూ ఒక ముద్ద తిన్నాను. కళ్ళ వెంట నీళ్ళు, చెవుల్లో హోరు. ఎదురుగా పానకాలరావు గారు అదే ముద్ద పెరుగన్నం తింటున్నంత శాంతంగా తింటున్నాడు.

"నాలుక మొద్దుబారిందా మీకు?" అన్నాను నీళ్ళు తాగి.

ఆయనకు రోషం వచ్చింది. "ఉప్పు ఒక్క పలుకు ఎక్కువైంది, ఆవపిండి కాస్త చేదు తగిలింది. చెప్పు, తప్పా?" తప్పు కాదు. నాలుక బాగానే ఉంది. ఏదో తేడాగా ఉందని మనసుకు తోచింది గానీ, అదేమిటో పట్టుబడలేదు. ఆయన అలిగి మేడ మీదకు వెళ్ళిపోయాడు. అక్కడ మాగాయ ముక్కలు ఎండుతున్నాయి.

రోహిణి కార్తె ఎండకు రోళ్ళు పగులుతాయంటారు. గంటసేపటికి నేను మజ్జిగ తీసుకుని మెట్లెక్కేసరికే నా జాకెట్టు తడిసిపోయింది. ఆయన నట్టెండలో గోనెపట్టా మీద కూర్చుని ముక్కలు తిరగేస్తున్నాడు. నెత్తి మీద తుండుగుడ్డ కూడా లేదు. ఏటా రెండు నిమిషాలు కూర్చుని అబ్బో అంటూ దిగొచ్చే మనిషి.

"తువ్వాలేదీ?"

"ఎందుకూ? పెద్ద ఎండేం లేదుగా."

దగ్గరికి వెళ్ళి మజ్జిగ ఇచ్చాను. మెడ మీద చెమట లేదు. నుదుటి మీద లేదు. నడినెత్తి మీద చెయ్యి వేశాను. ఎండుగడ్డిలా ఉంది. చొక్కా లోపలికి చెయ్యి పెడితే వీపు పెనంలా కాలుతోంది.

అప్పుడు అర్థమైంది. మిరపకాయ మంటా ఎండ మంటా ఒంటికి ఒకే తలుపు తడతాయి. ఆ తలుపు దగ్గరున్న కాపలావాణ్ణి నేను నిద్రపుచ్చాను. ఎవరొచ్చి తట్టినా అంతా చల్లగానే ఉందని వాడికి చెబుతున్నాను. కారం తింటే చెమట పట్టలేదు. ఇప్పుడు ఒళ్ళు ఉడికిపోతున్నా చెమట పట్టడం లేదు.

బిళ్ళ పీకి పారేశాను. రెక్క పట్టుకుని కిందికి దించి, తడి దుప్పటి చుట్టి ఫ్యాను కింద కూర్చోబెట్టాను. జ్వరం చూస్తే నూట మూడు. "నాకేం కాలేదే, గోల చెయ్యమాక" అంటూనే మాట తడబడ్డాడు. చంకల్లో మంచు పెట్టాను, వీపు మీద నీళ్ళు పోస్తూనే ఉన్నాను. ప్రభుదాసు వచ్చి చెయ్యికి సెలైన్ ఎక్కించాడు. చాలాసేపటికి ఆయన చెవి వెనక ఒక చెమట బొట్టు పుట్టి మెడ మీదుగా జారింది. దాన్ని చూసి భోరున ఏడ్చాను. అంతవరకూ నా జీవితంలో చెమట చూసి ఏడ్చింది లేదు.

ఆయన కుదుటపడ్డాక అదే సాయంత్రం నేనూ ప్రభుదాసూ షమీమూ మా వంటింట్లో కూర్చున్నాం. షమీమ్ తల ఎత్తలేదు.

"నవంబరు నుంచి మార్చి దాకా ఏసీ గదిలో పరీక్షలు చేశాం మేడమ్" అంది. "గుంటూరులో పుట్టి మే నెల మర్చిపోయాం."

"అందరిచేతా రేపు పొద్దున్నకల్లా తీయించాలి" అన్నాను.

ప్రభుదాసు మెత్తని మనిషి. ఎదురు చెప్పడం అతనికి చేతకాదు. అయినా చెప్పాడు. "తీయిస్తే సగం మంది ఇంజెక్షన్ మానేస్తారు మేడమ్. ఎండదెబ్బ తగిలేది ఒకరికో ఇద్దరికో. జబ్బు తిరగబెట్టేది ఎందరికో. లెక్క వేసి చూడండి."

"ఆ ఒకరు పక్క గదిలో పడుకుని ఉన్నారు. ఈ లెక్క నేను వేయలేను."

అతను ఫోన్ తీశాడు. చాలామంది తిట్టుకుంటూనే తీసేశారు. సత్తెనపల్లి బస్సు కండక్టరు ఒకాయన మాత్రం, "మీరే వచ్చి పీకినా ఊరుకోనండీ, నాకు నిద్ర పడతంది" అని ఫోన్ పెట్టేశాడు. ఎండలో బస్సులో నిలబడే మనిషి. మర్నాడు ప్రభుదాసే బస్టాండుకు వెళ్ళి, ఆయన జ్వరం ఆయనకే చూపించి, బిళ్ళ తీయించుకుని వచ్చాడు. నివేదిక మూలన పడింది. దాని గురించి అతను నాతో ఒక్క మాట అనలేదు, అంటే బాగుండేదనిపించింది.

ఇంట్లో ఆవిర్లు తిరిగొచ్చాయి. ఇంకో రెండు వారాల్లో ఇంజెక్షన్.

"నీ బిళ్ళ ఇయ్యి. ఎండలోకి పోను, ఇంట్లోనే పడుంటా" అన్నాడు పానకాలరావు గారు.

"పొయ్యి దగ్గర నిలబడితే? జ్వరం వస్తే? మీకు తెలియనే తెలియదు. ఇవ్వను."

"అయితే ఇంజెక్షనూ వద్దు."

"పోతారు."

"పోతా."

"మీరు పోయి సుఖపడతారు. నలభై జాడీల ఆవకాయ ఎవరు తింటారు, నేనా?"

ఆయన నవ్వబోయి ఏడ్చేశాడు. ఆ ఏడుపు సగం మందుది, సగం మనిషిది. విడదీయడం నా వల్ల కాదు. పక్కన కూర్చుని వీపు నిమిరాను. సరిగ్గా అప్పుడే ఆవిరి వచ్చింది. చొక్కా గుండీలు తెంపుకున్నంత పని చేశాడు. తగ్గాక గోడకు చేరగిలబడ్డాడు.

"నన్ను చంపేది వేడి కాదే ఇందూ" అన్నాడు. "దొంగలా వచ్చి మీదపడిద్ది చూడు, అదీ. ఎదురుగా మనిషి ఉంటారు, చేతిలో తక్కెడ ఉంటది. వస్తన్నానని ముందు ఒక్క కబురు పెడితే, చుట్టం వస్తందనుకుని కాసుకుంటా." నా వైపు తిరిగి, "నువ్వెట్టా పడ్డావే ఇదంతా?" అన్నాడు.

"మీ ముసుగు పక్కన పడుకుని."

ఆయన తలొంచుకున్నాడు. నేను మాత్రం ఆయన ముందు మాట దగ్గరే ఆగిపోయాను. కబురు. కబురు మా దగ్గర ఉంది. ఆవిరి రాబోయే ముందు గీత లేవడం మేం మొదటి నుంచీ చూస్తూనే ఉన్నాం. చూసిన ప్రతిసారీ దాన్ని నొక్కేయాలనే ఆత్రమే గానీ, ఆ మనిషికి చెబుదామన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు.

పొద్దున్నే షమీమ్‌తో చెప్పాను. "చల్లబరిచే భాగం మొత్తం తీసెయ్. కాపలావాడి జోలికి పోవద్దు. గీత లేవగానే మెడ మీద రెండుసార్లు తట్టాలి, అంతే."

"అంతేనా?" అన్నాడు ప్రభుదాసు. "వాళ్ళకు కావలసింది ఆవిర్లు ఆగడం మేడమ్. తట్టినందుకు ఎవరు సంతోషిస్తారు?"

"మా ఇంట్లో ఒకాయన ఉన్నారు. అడిగి చూద్దాం."

కొత్త బిళ్ళ పెట్టుకున్న రోజు నేను సెలవు పెట్టి దుకాణంలో కూర్చున్నాను. పొద్దెక్కాక ఆయన మెడ వెనక్కి చెయ్యి పోయింది. తక్కెడ నెమ్మదిగా దించాడు. "రెండు నిమిషాలు ఆగండమ్మా, చుట్టం వస్తంది" అని ఎదురుగా ఉన్నావిడతో చెప్పి లోపలికి వెళ్ళాడు. చొక్కా విప్పాడు, ఫ్యాను పెంచాడు, తడి తువ్వాలు మెడ మీద వేసుకుని చాప మీద కూర్చున్నాడు. ఆవిరి రావడం వచ్చింది. మొహం ఎర్రబడింది, చెమటలు కారాయి. కానీ కళ్ళలో ఆ బెదురు లేదు. తగ్గాక ఒళ్ళు తుడుచుకుని, ఉతికిన చొక్కా వేసుకుని బయటికి వచ్చి, "ఎంతన్నారమ్మా, అరకేజీయా?" అన్నాడు.

ఆవిడ అరకేజీ కొనుక్కుని వెళ్ళింది.

రాత్రుళ్ళు ఇంత సులువు కాలేదు. తట్టినప్పుడల్లా మెలకువ వస్తుంది, ఆ నిద్ర పోయినట్టే. దానికి మందు ఇంకా వెతుకుతున్నాం, దొరుకుతుందన్న నమ్మకం నాకుంది. ఈలోగా ఫ్యాను ఐదులో తిరుగుతుంది, నేను దుప్పటి ముసుగు తన్ని పడుకుంటాను. తగ్గించమని ఒక్కసారి కూడా అనలేదు. చలేస్తోందన్న మాట నిజం.

మండిపోతున్న ఆవకాయను ఆయన పారబొయ్యనివ్వలేదు. కారం లేకుండా ఉప్పూ ఆవపిండీ పట్టించిన కొత్త ముక్కలు అందులో కలిపాడు. మూడో నాడు బేసిన్లో వేడన్నం వేశాం. ప్రభుదాసూ షమీమూ కూడా వచ్చారు. బిళ్ళ తట్టలేదు, అంటే ఇది చుట్టం పని కాదు. ఆయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ముగ్గురం ఆయన నెత్తి వైపే చూస్తున్నాం. తడుముకుని చెయ్యి చూపించాడు. వేళ్ళు తడిగా ఉన్నాయి.

"చాలు" అన్నాడు.

అంత ఆనందం నాకు మొదటి బిళ్ళ పనిచేసిన రోజున కూడా కలగలేదు. షమీమ్ రెండో ముద్దకే చెయ్యి చాపింది.

ఆ శుక్రవారం ఇంజెక్షన్. వెళ్తాడా లేదా అని నేను అడగలేదు, అడిగితే వద్దనడానికి సందు ఇచ్చినట్టవుతుంది. పొద్దున్నే స్నానం చేసి తనే చెప్పులేసుకున్నాడు. సంచిలో తడి తువ్వాలు, విసనకర్ర, ఇంకో చొక్కా పెట్టుకున్నాడు.

ఆస్పత్రిలో నర్సమ్మ మందు ఎక్కించి సూది పట్టుకుని వచ్చింది. ఆయన చొక్కా పైకి లాగబోయి ఆగాడు. చెయ్యి మెడ వెనక్కి పోయింది. ఇంత దూరం వచ్చి ఇప్పుడు లేచి వెళ్ళిపోతాడా అనుకున్నాను.

"రెండు నిమిషాలు ఆగమ్మా" అన్నాడు ఆయన నర్సమ్మతో. నాకు విసనకర్ర అందించాడు.

నేను విసిరాను. ఆయన తువ్వాలు మెడ మీద వేసుకుని కళ్ళు మూసుకున్నాడు. మొహం ఎర్రబడింది. నడినెత్తిన పుట్టిన చెమట నుదుటి మీదకు, నుదుటి నుంచి ముక్కు మీదకు దిగింది. నర్సమ్మ సూది పట్టుకుని అలాగే నిలబడింది. కాసేపటికి ఆయన మొహం తుడుచుకుని చొక్కా పైకి లాగాడు.

"వచ్చిపోయింది" అన్నాడు. "ఇంక పొడువమ్మా."